ముత్యాలుకు వేసిన కట్టు

ఆదోనిలో మా జట్కా షెడ్డు దూలం మీద, సరిగ్గా నడుమ భాగంలో, రెండు గాట్లున్నాయి. ఒకదానికొకటి మూరెడు దూరంలో, బొటనవేలు పట్టేంత లోతుగా, నున్నగా ఉంటాయి. కొత్తగా చూసినవాళ్ళు చెద తిన్నదనుకుంటారు. అవి బరువు మోసిన తాడు ఒరుసుకున్న గాట్లు. ఆ తాడు వేసింది నేనే.

పోయిన వారం పెద్దనాయన కబురు పెడితే వెళ్ళాను. ఆయన పేరు హనుమన్న, మా నాయనకు అన్న. షెడ్డును సైకిళ్ళు బాగుచేసే ఒకతనికి బాడుగకిస్తున్నాడు, సామాను తీసెయ్యాలి. ఎమ్మిగనూరుకు బస్సులు ఎక్కువైనాక ఊళ్ళో జట్కాలు పల్చబడ్డాయి. మా షెడ్డులో గుర్రం లేక చాలా కాలమైంది. ఏ పని మొదలుపెట్టినా ముందు ఎదురుగా ఉన్నవన్నీ వరసగా చెప్పుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. చక్రానికి వేసే ఇనుప పట్టా ఒకటి. ఆముదం జిడ్డు గట్టిన ఇరుసు నూనె డబ్బా. ఎండి కట్టెల్లా బిగుసుకుపోయిన తోలు పట్టీలు. గుగ్గిళ్ళు ఉడకేసే మట్టికుండ, అంచు పగిలింది. కొరడా, కొన్ననాటి లాగే కొత్తది. అటక మీద గోనెపట్టాలో చుట్టిన నూలు తాడు. గోనె విప్పి చేత్తో పట్టుకోగానే అది ఏ తాడో తెలిసింది. కట్టలో ఒక ముడి ఇంకా అలాగే ఉంది. దాంతో మిగతా లెక్క మరిచిపోయి అక్కడే పడి ఉన్న బండి నొగ మీద కూర్చున్నాను.

కొరడా కొత్తగా ఎందుకుందో చెప్పాలి. జట్కా తోలేవాడి చేతిలో కొరడా లేకపోతే ఎక్కేవాళ్ళకు నమ్మకముండదని పెద్దనాయన దాన్ని బండి పక్కన నిలబెట్టుకునేవాడు, అంతే. ముత్యాలు ఒంటి మీద అది ఎప్పుడూ పడలేదు. ముత్యాలు తెల్లటి ఆడ తట్టు, అంటే పొట్టి జాతి గుర్రం, మెడ దగ్గర మాత్రం బూడిద చల్లినట్టుండేది. నేను పలక పట్టకముందే పెద్దనాయన దాన్ని బళ్ళారి పక్కనుంచి తెచ్చాడు. దానికి తెలుగు రాదని మా ఇంట్లో అందరూ గట్టిగా నమ్మేవాళ్ళం. మనుషులతో తెలుగు, ముత్యాలుతో కన్నడం. పెద్దనాయన ఈ కట్టుబాటును ఏనాడూ తప్పలేదు. కదలాలంటే "నడి తాయీ", నడువు తల్లీ అని. ఆగాలంటే "నిల్లు". సాయంత్రం బండి విప్పి, వీపు మీది పట్టీలు తీసి, చెమట తుడిచి, చివరగా నుదురు మీద అరచెయ్యి పెట్టి "సాకు" అనేవాడు. కన్నడంలో సాకు అంటే చాలు. ఈ రోజుకు నీ పని అయిపోయింది అని. ఆ మాట వినగానే ముత్యాలు మెడ ఒక్కసారి దులిపి, మెడలోని మువ్వలన్నీ గల్లుమనిపించి, నీళ్ళతొట్టి వైపు తిరిగేది. ఆ మాట అనకుండా నీళ్ళు పెడితే తాగేది కాదు. నేను రెండు మూడు సార్లు పరీక్షించి చూశాను.

మా ఇంటి తెల్లవారడమంతా దాని చుట్టూ తిరిగేది. మిల్లు కూత వెయ్యకముందే జేజి, అంటే మా నాయనమ్మ, ఉలవల కుండ పొయ్యి మీద పెట్టేది. మా జొన్నరొట్టెలు ఆ తర్వాతే. ఉడుకుతున్న ఉలవల వాసన, తడిగడ్డి వాసన, తోలుకు పట్టించిన వేపనూనె వాసన కలిసి ఇల్లంతా నిండేవి. మా నాయన జిన్నింగు మిల్లులో ఫిట్టరు. ఆయన చొక్కా మీది పత్తిదూది, పెద్దనాయన పంచె మీది తెల్లటి వెంట్రుకలు ఒకే బానలో నానేవి. పెద్దనాయనకు పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు. స్టేషనులో దిగిన నూలు మూటలు ఎమ్మిగనూరు మగ్గాలకు చేర్చడం, మరునాడు నేసిన పంచెలు, చీరల మూటలు వేసుకొని రావడం ఆయన పని. నల్లరేగడి మీద వేసిన ఆ రోడ్డు వానకు ఉబ్బి ఎండకు బీటలిచ్చేది. ఏ బీట ఎక్కడుందో ముత్యాలుకు తెలుసని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. అది నిజమే. ఆయన మూటల మీద నిద్రపోయినా బండి నేరుగా మగ్గాల వీధిలోనే ఆగేది.

బళ్ళారిలో డిప్లొమా ముగించుకొని, కాలువ పనుల్లో ఉద్యోగం ఆర్డరు కోసం ఎదురుచూస్తూ నేను ఇంట్లో ఉన్న ఎండాకాలంలో, ముత్యాలు మొదటిసారి ఎమ్మిగనూరు రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. ఆ రోజు బండిలో నేనూ ఉన్నాను. "నడి తాయీ" అన్నాడు పెద్దనాయన. అది కదల్లేదు. మళ్ళీ అన్నాడు. ముందుకాళ్ళు రెండూ చాపి, బరువంతా వెనక్కి వేసి, ఏదో అంచు మీద నిలబడినట్టు నిలబడింది. ఆయన దిగి, దాని ముందు కూర్చొని, గిట్ట మీద చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి చప్పున తీసేశాడు.

"కాల్తాండాది రా, రంగా," అన్నాడు. "పొయ్యి మీది పెంకు మాదిరి కాల్తాండాది."

మూటలు వెనకొచ్చిన ఎద్దుబండికి ఎక్కించి, ఖాళీ జట్కాను మేమిద్దరం లాక్కుంటూ, ముత్యాలును పక్కన నడిపించుకుంటూ ఆదోని చేరాం. దారిలో నేను చూసినవి మనసులో వరసబెట్టుకున్నాను. ముందుగిట్టలు రెండూ వేడి. మెత్తటి మన్ను మీద అడుగు పడుతుంది, కంకర మీద పడదు. మలుపు తిరగాలంటే ఒళ్ళంతా వణుకు. ఇంటికి రాగానే గిట్టలకు నాలు, అంటే లాడం, కొట్టే ఖాజా సాబును పిలిపించాం. ముత్యాలు గిట్టలు ఆయనకు సొంత అరచేతుల్లాంటివి. మొదటి నాలు నుంచి చివరి నాలు దాకా అన్నీ ఆయనే కొట్టాడు. నాలు ఊడదీసి, గిట్ట అడుగున వేలితో మెల్లగా నొక్కాడు. ముత్యాలు పళ్ళు కొరికింది.

"హనుమన్నా, ఇది నా సుత్తి పని గాదు," అన్నాడు. "లోపల పట్టుకున్నాది. డాక్టరుకు సూపించు."

"నీకు తెలీనిది డాక్టరుకేం తెలుస్తాది, సాబూ?"

"అరె, నాకు తెలీదని నాకు తెలుసు గదా. అదన్నా ఇను."

పశువుల ఆసుపత్రి డాక్టరు గుంటూరు పక్క మనిషి, కొత్తగా ఉద్యోగంలో చేరాడు. నా కంటే నాలుగైదేళ్ళు పెద్ద ఉంటాడేమో. షూ విప్పి షెడ్డులోకి వచ్చి, పేడలోనే మోకాళ్ళ మీద కూర్చొని గిట్టలు చూశాడు. గిట్ట లోపల ఒక ఎముక ఉంటుందనీ, దాన్ని గిట్ట గోడకు పట్టి ఉంచే పొర వాచిపోయిందనీ చెప్పాడు. పొర ఊడిపోతే ఒంటి బరువుకు ఎముక కిందికి జారుతుంది. నాకు వెంటనే అర్థమైంది. బేరింగు చెడిన ఇరుసును బండి బరువు ఎలా తినేస్తుందో అలాగే. చల్లటి మట్టి కట్టు వెయ్యాలి, ఇసుక పరచాలి, గింజ పూర్తిగా మాన్పించాలి, ఉట్టి గడ్డే పెట్టాలి అన్నాడు.

ఇదంతా తలుపు దగ్గర నిలబడి విన్న జేజికి చివరి మాట నచ్చలేదు. "రోగం వచ్చినాదానికి తిండి మాన్పించే డాక్టరు యాడన్నా ఉంటాడా?" అంది డాక్టరు అటు వెళ్ళాక. "వాళ్ళ పక్క మనుషులకు కూడా ఇట్నే సేస్తారేమో!" మరునాటి నుంచి ఉలవల కుండ పొయ్యెక్కలేదు కానీ, జేజి షెడ్డుకు పోయినప్పుడల్లా కొంగులో ఏదో మూట కనిపించేది. పెద్దనాయన పట్టుకున్నాడు. తల్లీకొడుకులు ఆ పూట మాట్లాడుకోలేదు. కొంగులో ఉన్నవి పిడికెడు నానబెట్టిన ఉలవలు. ముత్యాలు వాటిని వాసన చూసి వదిలేసిందట. ఆ సంగతి జేజి అప్పుడు మాకు ఎవరికీ చెప్పలేదు, చాలా రోజుల తర్వాత ఏడుస్తూ చెప్పింది.

మట్టికట్లతో కొంత తెరిపి ఇచ్చినట్టే ఇచ్చి, ఒక ఉదయం ముత్యాలు కూలబడింది. పడుకున్న గుర్రం ఎంతసేపు పడుకుంటే అంత చేటని, సొంత బరువే దాని ఊపిరితిత్తులనూ కండలనూ నలిపేస్తుందని డాక్టరు ముందే హెచ్చరించి ఉన్నాడు. నిలబడితే గిట్టలు ఓర్చవు. పడుకుంటే ఒళ్ళు ఓర్వదు. ఈ రెండిటి మధ్యా ఒక దారి నాకు కనిపించింది. బరువు నేలా మొయ్యకూడదు, కాళ్ళూ మొయ్యకూడదు, దూలం మొయ్యాలి. పొట్ట కింద వెడల్పాటి పట్టా వేసి, పైకి లాగి, గుర్రాన్ని సగం వేలాడదీస్తే, కాళ్ళు ఊరికే నేలను తాకుతుంటే, గిట్టలకు మానే వ్యవధి దొరుకుతుంది. డాక్టరును అడిగాను. "పుస్తకంలో ఉందండి. చెయ్యగలిగితే చెయ్యండి. చెయ్యడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు," అన్నాడు.

మా నాయన మిల్లు మేనేజరును అడిగి, పత్తి బేళ్ళెత్తే గిలకల జత తెచ్చాడు. నేను గోనెపట్టాలు నాలుగు మడతలేసి కుట్టించాను, అంచులకు పాత దుప్పటి మెత్త. రెండు పక్కలా వెదురు బొంగులు. పైకి నూలు తాడు, ఎందుకంటే కొబ్బరి తాడు కోస్తుంది. దూలానికి వేపమొద్దు ఊత. మా నాయన, ఖాజా సాబు, నేను ఒక పక్క. పెద్దనాయన ముత్యాలు తల దగ్గర. తాడు లాగుతుంటే దూలం మూలిగింది. ముత్యాలు మెల్లమెల్లగా లేచింది. కాళ్ళు నేలకు తగిలీ తగలకుండా నిలబడి, మొదట బెదిరి, తర్వాత తనను ఏదో మోస్తున్నదని తెలుసుకున్నట్టు ఒళ్ళు వదిలేసింది. పెద్ద నిట్టూర్పు విడిచింది. పెద్దనాయన నా భుజం పట్టుకొని ఊపేశాడు. "సదువంటే ఇదీ!" అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే నేను బళ్ళారిలో చదివినట్టు అనిపించింది.

జేజి మాత్రం దూలం వైపు చూస్తూ నిలబడింది. "ఎన్నాళ్ళు రా ఈ కట్టు?" అంది.

"మానేదాకా, జేజీ."

"మానకపోతే? కట్టు మీద పానం పోతే?"

ఆవో ఎద్దో మెడకు తాడుండగానే చస్తే ఆ పాపం ఇంటివాడికి చుట్టుకుంటుందని మా వాళ్ళ నమ్మకం. చావుకు దగ్గరైన పశువును రాట దగ్గర నుంచి విప్పేస్తారు, మెడలో దారప్పోగు కూడా ఉంచరు. పొరపాటున కట్టు మీద పోతే, ఆ తాడే మెడలో వేసుకొని, నోరు విప్పకుండా మూడిళ్ళ ముందు నిలబడి భిక్షమెత్తాలి, ఆనక ఆ తాడును ఏటిలో వదలాలి. తల వంచుకొని నడిచే ఆ మనిషిని చూసి పిల్లలు కూడా నవ్వరు. నేను ఊళ్ళో ఒక్కసారే చూశాను. ఆ ఇంటిమీద ఆ మాట తరాలపాటు ఉండిపోతుంది.

ఖాజా సాబు ఆ మాట బరువు తేలిక చెయ్యాలని చూశాడు. "అవ్వా, అది ఆవుకు గదా? గుర్రానికి యాడిది? మీ దేవుడి పుస్తకంలో గుర్రం పేరు రాసినారా?"

"అన్నం పెట్టిందేదైనా ఆవే, సాబూ," అన్నాడు పెద్దనాయన. నవ్వలేదు.

ఆ రోజు నుంచి షెడ్డులో ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడడం అలవాటైంది. ముత్యాలు ఊపిరి తేడాగా తీస్తే చాలు, పెద్దనాయన తాడు ముడి దగ్గరికి పరిగెత్తేవాడు. చెయ్యి ముడి మీద పెట్టుకొని, దాని ముక్కుల వైపే చూస్తూ నిలబడేవాడు. విప్పితే పడుతుంది. విప్పకపోతే ఏ క్షణాన పోతుందో. అన్నం అక్కడే, పడక అక్కడే. మువ్వలు ముందే తీసేశాడు. నుదుటి పట్టీ, మెడపట్టీ, దిష్టికి కట్టిన నల్లదారం ఒక్కొక్కటిగా తీసేశాడు. చివరికి దాని ఒంటి మీద నేను వేసిన కట్టు ఒక్కటే మిగిలింది.

గిట్టలు మానలేదు. ఒక రోజు మట్టికట్టు విప్పినప్పుడు డాక్టరు గిట్ట అడుగును చాలాసేపు చూసి, నన్ను దగ్గరికి పిలిచి చూపించాడు. ఎముక అంచు అడుగును చీల్చుకొని బయటికి వస్తోంది. పొట్ట కింద, నేను నాలుగు మడతలు వేసిన పట్టా ఒత్తుకున్న చోట, తోలు కమిలి పుండు పడింది. మెత్త మార్చినా ఇంకోచోట పడింది. ఈగలు. జేజి వేపాకు పొగ వేసేది. ముత్యాలు పళ్ళు కొరికే చప్పుడు వంటింట్లోకి వినిపించేది. దానికి తోడు చెమట, నిలబడి ఉండీ పరిగెత్తుతున్నట్టు చెమట.

"హనుమన్న గారూ," అన్నాడు డాక్టరు, లేచి చేతులు తుడుచుకుంటూ. "ఇక నా దగ్గర ఉన్న మందు ఒక్కటేనండి. సూది వేస్తే నిద్రపోతుంది. లేవదు. నొప్పి ఉండదు."

పెద్దనాయన ఆయన వైపు చూడలేదు. "సంపేదానికి డాక్టరెందుకప్పా? కసాయోడు సాలదా?"

"బతికించలేనప్పుడు బాధ తగ్గించడం కూడా మా పనేనండి."

"పనా!" పెద్దనాయన గొంతు లేచింది. "అది పని సేసినాది. ఎండల్లో, వానల్లో, నేను నిద్దర పోతాంటే కూడా పని సేసినాది. దాని పని అయిపోయినాదని నువ్వు యాన్నుంచో వచ్చి సెప్పేదా? పోయేటప్పుడు అదే పోతాది. నేను ఇప్పేస్తాను, నేల మీద పడుకొని పోతాది."

డాక్టరు కోపం తెచ్చుకోలేదు. విప్పితే ఏమవుతుందో చెప్పాడు. ఆ ముందుకాళ్ళ మీద ఒక్కసారి బరువు పడితే గుర్రం బెదిరి తన్నుకుంటుంది, గోడకు కొట్టుకుంటుంది, అలా ఎంతసేపైనా కావచ్చు. సూది ముందు, విప్పడం తర్వాత. పెద్దనాయనకు కావలసింది తలకిందులు: విప్పడం ముందు, ప్రాణం పోవడం తర్వాత. ఇద్దరూ నా వైపు చూశారు. దూలానికి తాడు వేసినవాడిని నేను గనక, రెండిటికీ నడుమ దారి నేనే వెతకాలన్నట్టు.

ఖాజా సాబు మా పెద్దనాయన పక్కన కూర్చున్నాడు. ఆ రోజు ఎగతాళి చెయ్యలేదు. "హనుమన్నా, నేను దాని కాళ్ళకు మేకులు కొట్టినవాణ్ణి. ఎప్పుడన్నా మేకు పక్కకు పోయిందేమోనని ప్రతిసారీ దాని కంటివైపు సూసేటోణ్ణి. ఇప్పుడు ఆ కన్ను సూడలేకుండా ఉన్నాను, అన్నా. మూగజీవికి తక్లీఫ్ ఇచ్చినోణ్ణి పైవాడు అడుగుతాడు."

పెద్దనాయన తల ఊపాడు. "సరే. సూది ఎయ్యనీ. కానీ ముందు నేల మీదికి దించాల. కట్టంతా తియ్యాల. అప్పుడే."

డాక్టరు ఒప్పుకున్నాడు, ఇష్టం లేకుండానే. మరునాడు పొద్దున్నే పని పెట్టుకున్నాం. నేను వరస రాసుకోకుండానే అందరిచేతా పలికించాను. షెడ్డు నేల నిండా మోకాటి లోతు వేరుశనగ పొట్టు. నాయన ఒక తాడు, నేను ఒక తాడు, ఇద్దరమూ ఒకే లెక్కన వదలాలి. ముందుకాళ్ళ మీద బరువు పడకుండా వెనక భాగం ముందు దించాలి. ఖాజా సాబు ముందుకాళ్ళు మడిచి పట్టుకోవాలి. పొట్ట పొట్టుకు ఆనగానే పెద్దనాయన బొంగులు లాగెయ్యాలి, నేను ముడి విప్పాలి. ఆ తర్వాతే డాక్టరు.

మొదటి రెండు మూరలూ అనుకున్నట్టే దిగింది. ముత్యాలు పెద్దనాయన భుజం మీద తల పెట్టి ఉంది. తర్వాత ఏమైందో, వెనకకాళ్ళు పొట్టులో జారాయి. ఒళ్ళు ఒక పక్కకు ఒరిగింది. ఖాజా సాబు చేతుల్లోంచి ఒక కాలు జారి నేలకు తగిలింది. గుర్రం అలా అరవగలదని నాకు అప్పటిదాకా తెలియదు. పట్టా ఒక పక్కకు తిరిగిపోయింది, ఒక తాడు వదులై, రెండో తాడు మీదే బరువంతా పడి దూలంలోకి కోసుకుపోయింది. ముత్యాలు వంకరగా వేలాడుతూ తన్నుకుంటోంది. ముడి బిగుసుకుపోయింది. దాన్ని విప్పడం ఎవరి తరమూ కాదు.

"తాడు కొయ్యండి!" అన్నాడు నాయన.

"కోస్తే పడిపోతుందండీ, వద్దు!" అని డాక్టరు అరిచాడు.

"మళ్ళీ ఎత్తాలి," అన్నాను. "మళ్ళీ పైకెత్తి, సరిచేసి, మళ్ళీ దించాలి. వేరే దారి లేదు, పెద్నాయనా."

పెద్దనాయన తాడు వైపు చూశాడు. ముత్యాలు కంటివైపు చూశాడు. రెండు చేతులతో దాని తల పట్టుకొని, తన ఎదకు అదుముకున్నాడు.

"మళ్ళా వద్దు," అన్నాడు. "డాక్టరప్పా, ఏసెయ్."

డాక్టరు సిరంజి పట్టుకొని ఆగిపోయాడు. ఊరు కొత్త అయినా, ఆ ఇంట్లో ఏ మాట ఎంత బరువో ఆయనకు అప్పటికి తెలుసు. "కట్టు ఇంకా ఉందండీ, హనుమన్న గారూ."

"కట్టు నాది. నొప్పి దానిది. ఏసెయ్యప్పా!"

మెడ నరంలోకి సూది దిగింది. పెద్దనాయన అరచెయ్యి ముత్యాలు నుదురు మీద పెట్టాడు. "సాకు, తాయీ," అన్నాడు. "సాకు." అది మెడ దులపబోయింది. దులపడం మొదలుపెట్టిన మెడ మధ్యలోనే ఆయన చేతుల్లో బరువైపోయింది. తాడు ఊగడం ఆగింది. దూలం మూలగడం కూడా ఆగింది. తలుపు దగ్గర జేజి కొంగు నోట్లో కుక్కుకొని నిలబడి ఉంది. ఆమె కట్టు గురించి ఆ రోజూ ఏమీ అనలేదు, ఆ తర్వాతా అనలేదు.

ఊరి బయట నల్లరేగడిలో గొయ్యి తీసి పూడ్చి వచ్చాక పెద్దనాయన స్నానం చేశాడు. నేను ఎలాగో దూలం నుంచి దించిన తాడును, ముడి ఉన్నదాన్ని ఉన్నట్టే, మెడలో వేసుకున్నాడు. నాయన అడ్డం పడ్డాడు. "అన్నా, గుర్రానికి ఎవురూ అడగరు. పదిమంది సూస్తారు." పెద్దనాయన తుండుగుడ్డ భుజాన వేసుకొని గడప దాటాడు. అప్పటికే ఆయన మౌనం మొదలైంది.

మొదటి ఇల్లు ఖాజా సాబుది. ఆయన తన ఇంటి ముందు ఆ వేషంలో స్నేహితుణ్ణి చూసి, లోపలికి పోయి, భార్య చేత చేటనిండా జొన్నలు తెప్పించి, తుండుగుడ్డలో పోస్తూ మొహం పక్కకు తిప్పుకున్నాడు. రెండోది మా వీధి చివర కాఫీ హోటలు వాళ్ళ ఇల్లు. మూడో ఇంటికి ఆయన వీధి దాటి, స్టేషను రోడ్డు మీదుగా, డాక్టరు ఉంటున్న పశువుల ఆసుపత్రి వైపు నడవడం చూసి నేను కంగారుపడ్డాను. డాక్టరుకు ఈ ఆచారం సగమే తెలుసు. మెడలో తాడు వేసుకొని గుమ్మం ముందు నిలబడిన మనిషి తనను తిట్టడానికి వచ్చాడనుకుంటే? ఏమైనా అంటే? ఆ పూట ఒక్క మాట పెడసరంగా పడితే పెద్దనాయన తట్టుకోలేడు. వివరించి చెబుదామని వెనకే పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి డాక్టరు బనియనుతో వసారాలో నిలబడి ఉన్నాడు.

"ఏమైందండీ?" అన్నాడు. పెద్దనాయన తుండుగుడ్డ పరిచి పట్టుకున్నాడు. "హనుమన్న గారూ, నా వల్ల ఏమైనా..."

నేను నోరు తెరవబోయాను. పెద్దనాయన నా వైపు ఒక్క చూపు చూశాడు. నోరు మూసుకున్నాను. డాక్టరు ఆ తాడును చూశాడు, పొద్దున తన కళ్ళముందు బిగుసుకుపోయిన ఆ ముడిని చూశాడు. పరిచిన తుండుగుడ్డను చూశాడు. లోపలికి వెళ్ళి, తనకోసం వండుకున్న అన్నం గిన్నెతో సహా తెచ్చి, వసారా మెట్లు దిగి, కింద మట్టిలో నిలబడి వడ్డించాడు. గిన్నెలో ఒక్క మెతుకు కూడా మిగల్చలేదు. పెద్దనాయన తల వంచి, రెండు చేతులూ తుండుగుడ్డ కింద పెట్టి అందుకున్నాడు. ఊళ్ళో అన్ని ఇళ్ళుండగా ఆయన ఆ గుమ్మమే ఎందుకు ఎంచుకున్నాడో మేమెవరమూ అడగలేదు. డాక్టరు కూడా అడగలేదని, బదిలీ అయి పోయేదాకా అప్పుడప్పుడు సాయంత్రం పూట ఖాళీ షెడ్డులో పెద్దనాయన పక్కన ఊరికే వచ్చి కూర్చునేవాడని జేజి చెప్పింది.

నాకు ఆర్డరు వచ్చి వెళ్ళిపోయాను. ఇప్పుడు కాలువ పనుల్లో యంత్రాలు నా అజమాయిషీలో ఉన్నాయి. లారీలు, పంపులు, రోలర్లు. ముసలివైనవాటిని చూసి, ఏ భాగం ఎంత అరిగిందో సరిచూసి, పనికిరాదని కాగితం రాసి సంతకం పెడతాను. నా లెక్క ఎప్పుడూ తప్పలేదు. సంతకం పెట్టి చెయ్యి కడుక్కొని భోజనానికి పోతాను. ఎవరి గుమ్మం ముందూ నిలబడనక్కరలేదు. ఇది తేలిక బతుకే. తప్పని కూడా అనను. ఒక్కోసారి మాత్రం, ఇరవై ఏళ్ళు నడిచిన ఇంజను చివరిసారి ఆగినప్పుడు, తోలినవాడు దాని మూత మీద చెయ్యి పెట్టి ఒక నిమిషం నిలబడితే, నేను కాగితం మడిచి జేబులో పెట్టుకొని అతను చెయ్యి తీసేదాకా ఆగుతాను.

షెడ్డు సామాను అంతా బయటపెట్టాక, తాడు తీసుకొని పెద్దనాయన దగ్గరికి వెళ్ళాను. వసారాలో మంచం మీద ఉన్నాడు. చూపు బాగా తగ్గింది.

"ఇదేం చేద్దాం, పెద్నాయనా? అప్పుడే ఏటిలో వెయ్యాల్సింది కదా."

చేత్తో తడిమి చూశాడు. వేళ్ళు ముడి దగ్గరికి వచ్చి ఆగాయి. "కట్టు ఇప్పకుండా నీళ్ళలో ఎట్ల ఏస్తారు రా? నాకు ఇప్పేదానికి చేతులు రాల్యా." తాడు నా ఒళ్ళోకి తోశాడు. "నువ్వేసినావు గదా. ఇప్పు."

ముడి రాయిలా బిగుసుకుపోయింది. నీళ్ళు చల్లి, ఆముదం పట్టించి, చక్రం సీలతో పొడుస్తూ మెట్టు మీద కూర్చున్నాను. సైకిళ్ళతను వచ్చి దూలం మీది గాట్లను చూసి, టైర్లు వేలాడదీయడానికి బాగుంటాయన్నాడు. జేజి ఉంటే తిట్టేది. ఎండ మెట్టు దిగి వీధిలోకి పోయింది. ఒక పోగు, ఇంకో పోగు, చివరికి తాడు నా చేతుల్లో మెత్తబడి, వంకరలన్నీ అలాగే ఉంచుకొని, పొడవుగా సాగింది.

"ఊడిపోయింది," అన్నాను.

పెద్దనాయన చెయ్యి చాపాడు. తాడు ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళ మధ్య నుంచి నెమ్మదిగా జారవిడిచాడు. ఎక్కడా ఏదీ తగలలేదు. ఆ తర్వాత అరచెయ్యి గాలిలోకి ఎత్తి, ఎదురుగా ఒక నుదురు ఉన్న ఎత్తులో ఆపాడు.

"సాకు," అన్నాడు.